బూడిద చెరువు కింద పెళ్లి

గిజ్లాన్ పుట్టు పిరికిది. ఆ మాట ఆమె తల్లే నలుగురిలో నవ్వుతూ అనేది. కాసాబ్లాంకాలో వాళ్లుండేది నాలుగో అంతస్తు. లిఫ్టెక్కితే మధ్యలో ఆగిపోతుందని భయం, మెట్లెక్కితే మలుపులో ఎవడో నక్కి ఉంటాడని భయం. అలాంటి పిల్ల యూనివర్సిటీలో సమాజశాస్త్రం తీసుకుందంటే, నీడపట్టున కూర్చుని మనుషుల్ని నాలుగు ప్రశ్నలడిగి ఇంటికి రావచ్చన్న ధీమాతోనే. తీరా పై చదువుకి పర్యావరణ విభాగంలో చేరేసరికి అక్కడి నియమం ఒకటి ఆమెని తీసుకెళ్లి అట్లాస్ కొండల్లో పడేసింది.

ఆ విభాగంలో ఎవరి శాస్త్రం వాళ్లు చదువుకుపోతామంటే కుదరదు. రాళ్లూ నేలా చదివినవాళ్లనీ, చట్టం చదివినవాళ్లనీ, మనుషుల్ని చదివినవాళ్లనీ ఒక జట్టుగా కట్టి ఒకే ఊరి మీదికి తోలతారు. "నీళ్లకి ఇది రసాయనశాస్త్రం, ఇది న్యాయశాస్త్రం అని తెలీదు పిల్లలూ. అన్నిట్లోంచీ పారతాయి. మీరూ అలాగే పోవాలి" అనేది విభాగం పెద్ద, ఉస్తాదా బహీజా. ఆ మాట క్లాసులో వినడానికి బాగానే ఉండేది.

గిజ్లాన్ జట్టులో మరో ఇద్దరు. భూగర్భశాస్త్రం చదివే యిద్దర్ కొండల్లో పుట్టినవాడే, మాట తక్కువ. న్యాయశాస్త్రం చదివే నుఫీసాకి నోరు పెద్దది. ఎవరితో మాట్లాడినా ఎదురుగా జడ్జి ఉన్నట్టే మాట్లాడుతుంది. ముగ్గురికీ పడేది కాదు. ఐత్ ఉజ్రూ అనే ఆ ఊరికి వస్తూ దారంతా దెబ్బలాడుకున్నారు. "నీ రాళ్లు ఎక్కడికీ పారిపోవుగానీ, ముందు నన్ను మనుషులతో మాట్లాడనీ" అంటుంది గిజ్లాన్. "మాట్లాడు. వాళ్లు ఏం తాగుతున్నారో మాత్రం నేనే చెప్పాలి" అంటాడు యిద్దర్.

ఆ ఊరి కష్టం ఊరి నెత్తినే ఉంది. పైన లోయలో ఒకప్పుడు సీసం గని నడిచింది. గని మూతపడింది, తవ్వినవాళ్లు వెళ్లిపోయారు. సీసం తీశాక మిగిలిన బూడిదరంగు బురద మాత్రం లోయకి అడ్డంగా పోసిన మట్టికట్ట వెనక నిలిచిపోయింది. ఊళ్లోవాళ్లు దాన్ని బూడిద చెరువంటారు. పైన ఎండి పెచ్చుకట్టి ఉంటుంది, మధ్యలో మాత్రం కొండవాన నిలిచి మడుగు. కట్ట కింద ఎండిన వాగు, వాగు ఒడ్డున పొలాలు, ఆపైన ఇళ్లు. ముప్పు ముప్పని చిన్నప్పట్నుంచీ వింటూ పెరిగినవాళ్లకి అది ముప్పులాగే తోచడం మానేసింది. పిల్లల్ని బెదిరించడానికి తప్ప ఎవరూ ఆ కట్ట పేరెత్తరు.

ఆడపిల్లలిద్దరూ లల్లా తూదా ఇంట్లో దిగారు. లల్లా తూదా ఊరికి పెద్దావిడ. కిందటేడు మొగుడు పోయినా నడుం వంగలేదు. గిజ్లాన్ తల్లిది కొండ ఊరే కాబట్టి ఆ పిల్లకి అక్కడి భాష వచ్చు. అందుకని ఆడవాళ్లు ఆమెని చుట్టుముట్టి పెళ్లి కబుర్లు చెప్పేవారు. ఆ వారమే లల్లా తూదా మనవరాలు ఇజ్జా పెళ్లి.

పెళ్లిరోజు పొద్దున్న యిద్దర్ తను దిగిన బడిపంతులు గదిలోంచి టీకని వచ్చాడు. మాటల్లో మాటగా గిజ్లాన్ అంది: "నీకో సంగతి చెప్పనా? ఇక్కడి ఆడవాళ్లకి ఈ ఏడు గడ్డి మోసే బాధ తప్పింది. మునుపు మేకల కోసం అవతలి కొండదాకా పోయేవాళ్లట. ఇప్పుడు కట్ట కిందే గడ్డి ఏపుగా వస్తోందట. ఈ పుదీనా కూడా అక్కడిదే."

యిద్దర్ చేతిలో రొట్టె చేతిలోనే ఉండిపోయింది.

"కట్ట కింద అంటే ఎక్కడ?"

"కట్ట మొదట్లో. నేల ఎప్పుడూ తడిగా ఉంటోందట."

"ఈ ఎండల్లోనా? ఎప్పట్నుంచి?"

"ఏమో, వేసవి నుంచి అంది ఇజ్జా. ఎందుకలా చూస్తావ్?"

అతను రొట్టె కింద పెట్టాడు. ఆమె చేతిలోంచి టీ గ్లాసు తీసుకుని ఓ మూల పెట్టేశాడు. అది చూశాక గానీ ఆ తడి సీసం చెరువుదని గిజ్లాన్‌కి తట్టలేదు. వచ్చినప్పట్నుంచీ పూటపూటా ఆ పుదీనా టీనే తాగుతోంది.

ముగ్గురూ కట్ట దగ్గరికి వెళ్లారు. చూడ్డానికి ఎంత బాగుందో చోటు! చుట్టూ కొండ అంతా కాలిన రొట్టెలా ఉంటే, కట్ట మొదట్లో మాత్రం చీర పరిచినంత మేర పచ్చగా ఉంది. గడ్డిలో వేలెడు లావున నీళ్లు ఊరుతున్నాయి. యిద్దర్ మోకాళ్ల మీద కూర్చుని దోసిలి పట్టాడు. దోసిట్లో నీళ్లు బూడిదరంగుగా ఉన్నాయి. వేళ్ల మధ్య మెత్తటి మడ్డి మిగిలింది.

"తేటనీళ్లు కారితే కట్టకి చెమట పోసిందనుకోవచ్చు" అన్నాడు మెల్లిగా. "మడ్డి నీళ్లొస్తున్నాయంటే లోపల మట్టిని తింటూ వస్తున్నాయి. బుంగ పడింది. రోజురోజుకీ పెద్దదవుతుంది."

"ఎప్పుడు తెగుతుంది?" అంది నుఫీసా.

"తెలీదు. ఇవాళ తెగొచ్చు. పదేళ్లు తెగకపోనూ వచ్చు."

"ఇదేం జవాబయ్యా? కోర్టులో ఇలా అంటే తరిమేస్తారు."

"ఉన్న జవాబు ఇదే."

కట్ట మీదికెక్కి చూస్తే ఇంకో సంగతి బయటపడింది. కొండనీళ్లు చెరువులో పడకుండా పక్కకి మళ్లించే కాలవ ఒకటి ఉండాలి. పైనుంచి రాళ్లు జారి అది పూడిపోయింది. ఇప్పుడు కొండ మీద వాన కురిస్తే చుక్క చుక్కా ఈ చెరువులోకే. యిద్దర్ తలెత్తి శిఖరాల కేసి చూశాడు. మబ్బులు మూగుతున్నాయి. సెప్టెంబర్ వానలు కొండల్లో చెప్పి రావు.

గిజ్లాన్ మాత్రం కిందికి చూసింది. ఎండిన వాగులో, చదునుగా ఉన్న ఇసుకలో, పదిమంది మగాళ్లు తాళ్లు లాగుతున్నారు. తెల్లటి డేరా ఒకటి గాలి పోసుకుని పైకి లేస్తోంది. పెళ్లిడేరా. ఊరంతా, చుట్టుపక్కల ఊళ్ల చుట్టాలంతా సాయంత్రానికి ఆ డేరా కింద కూర్చుంటారు. ఆమె కట్ట మీదే చతికిలబడింది. కూర్చున్న కట్టే కదులుతున్నట్టనిపించి, మళ్లీ చటుక్కున లేచి కిందికి పరిగెత్తింది.

ఊరి మలుపులో ఒక్కచోటే ఫోను పలుకుతుంది. అక్కణ్ణుంచి ఉస్తాదా బహీజాకి చెప్పారు. ఆవిడ ప్రతి మాటా రెండుసార్లు చెప్పించుకుంది.

"యిద్దర్, నువ్వు ఇంజనీరువి కాదు నాన్నా" అంది చివరికి. "నేను పై ఆఫీసుకి ఫోన్ చేస్తాను. వాళ్లొచ్చి చూస్తారు. అప్పటిదాకా మీరు ఊళ్లో నోరు విప్పకండి. లేనిపోని భయం పుట్టించారని కేసు పెడితే మిమ్మల్ని నేను కూడా కాపాడలేను. మధ్యాహ్నం టాక్సీకి ముగ్గురూ దిగొచ్చేయండి. రేపు మీ అమ్మానాన్నలకి జవాబు చెప్పుకోవాల్సింది నేను."

ఆ మాటతో గిజ్లాన్ గుండె మీంచి బండ దింపినట్టయింది. వెళ్లిపోవచ్చు. పెద్దవాళ్లే చెప్పారు. ఆ ఊరట వెనకే సిగ్గు వచ్చింది గానీ, ఊరటే ముందు వచ్చిందన్నది నిజం.

"నేను రాను" అన్నాడు యిద్దర్. "కట్ట పక్కన కొండ భుజమ్మీదికెక్కి చూస్తూ ఉంటా. తెగేలా ఉంటే గొర్రెలకాపరి ఈల వేస్తా. ఆ ఈల ఊరిదాకా వినపడుతుంది."

"నువ్వు కొట్టుకుపోతే?"

"పైన ఉంటే ఎందుకు కొట్టుకుపోతా?" అన్నాడు గానీ అతని పెదాలు తెల్లబడి ఉన్నాయి.

నుఫీసా ముఖద్దమ్ దగ్గరికి పోదామని గిజ్లాన్‌ని లాక్కెళ్లింది. ఊళ్లో సర్కారు మనిషి ఆయనే. పేరు సీ బిహీ. ఆయన గడ్డం గీసుకుని, కొత్త జల్లాబా తొడుక్కుని పెళ్లికి సిద్ధమై ఉన్నాడు. నుఫీసా చెప్పిందంతా విని నవ్వాడు.

"పోయినేడు కూడా ఒకడొచ్చాడమ్మా, మెళ్లో కెమెరా వేసుకుని. కట్ట ఇప్పుడో ఇంకాసేపట్లోనో తెగుద్దన్నాడు. వాడు పోయాడు, కట్ట ఉంది. కోడికూర తిని పోండి, పిల్లలూ."

"డేరా ఒక్కటి పైకి మార్పించండి సీ బిహీ. ఇంకేం అడగం."

"పెళ్లివారిని లేపమంటావా? నా ముఖాన ఉమ్మేస్తారు. చూడు, ఊళ్లో ఈ మాట ఇంకొకరి చెవిన పడిందో, జెండార్మ్ పోలీసుల్ని పిలుస్తా. పెళ్లి చెడగొట్టడానికొచ్చారని లోపలేయిస్తా. చదువుకున్నదానివి, తెలుసుగా?"

"పిలవండి" అంది నుఫీసా. గొంతు ఖంగుమంది. "ఇప్పుడే పిలవండి. బండ్లు వేసుకు రమ్మనండి. మేం మీకు చెప్పామనీ, మీరు విన్నారనీ వాళ్ల ముందు ఒప్పుకోండి చాలు. ఈ పిల్లే సాక్షి."

సీ బిహీ నవ్వు ఆగిపోయింది. జేబులోంచి ఫోను తీశాడు. అంత ధాటిగా మాట్లాడిన నుఫీసా, ఇంటి మూల తిరగ్గానే గోడ పట్టుకుని వాంతి చేసుకుంది.

"నిజంగా పిలిచాడే" అంది మూతి తుడుచుకుంటూ. "మా నాన్న చంపేస్తాడు. పద, టాక్సీ ఎక్కేద్దాం. లేదు, నువ్వెక్కు. నేను దిగువ వాగు మీది వంతెన దగ్గర వాళ్లకి ఎదురెళ్తా. ఎటూ వస్తున్నారు కదా, నా మాట కూడా వింటారు."

చౌకులో టాక్సీ ఉంది. డ్రైవరు "ఒక్క సీటు! ఒక్కటే!" అని అరుస్తున్నాడు. గిజ్లాన్ సంచీ ఒళ్లో పెట్టుకుని ఎక్కి కూర్చుంది. పక్కావిడ జరిగి చోటిచ్చింది. సీటు వెచ్చగా ఉంది. ఇంకాసేపట్లో తారురోడ్డు, ఆపైన బస్సు, ఆపైన నాలుగో అంతస్తు. ఆమె కళ్లు మూసుకుంది.

"ఓ గిజ్లాన్! ఎక్కడికే?"

కిటికీ అవతల ఇజ్జా స్నేహితురాళ్లు. చేతులకి గోరింటాకు, డప్పులు చంకనేసుకుని వాగులోకి దిగుతున్నారు. "మా పాట వినకుండానే పారిపోతున్నావా? మా పాటకి అంత భయమా?" అని ఒకతె అంటే మిగతావాళ్లు ఘొల్లుమన్నారు.

గిజ్లాన్‌కి ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవాలని ఉంది. మా అమ్మకి ఒంట్లో బాలేదు అనొచ్చు. నోరు తెరిచింది. అంతలో వాళ్లు కదిలారు. వాగులోకి పోతున్న ఆ ఎర్ర పావడాలనే చూస్తూ ఉండిపోయింది. డ్రైవరు తాళం తిప్పాడు. బండి కదలబోతుంటే ఆమె తలుపు తోసుకుని దిగిపోయింది.

"పిచ్చిదానివా ఏంటి!" అని డ్రైవరు అరిచాడు. అతను అన్నదాంట్లో తప్పేం కనిపించలేదు ఆమెకి.

ఇంట్లో లల్లా తూదా పెళ్లికూతురి తల దువ్వుతోంది. గిజ్లాన్ పెద్దావిడని పక్కగదిలోకి పిలిచి గడ్డి సంగతీ మడ్డి నీళ్ల సంగతీ పూడిన కాలవ సంగతీ చెప్పేసింది. పెద్దావిడ దువ్వెన పట్టుకునే అంతా వింది.

"నిజంగా తెగుద్దా?" అంది.

గిజ్లాన్‌కి తెలుసు, అవునంటే పని జరుగుతుంది. కానీ ఆ కళ్లలోకి చూస్తూ అబద్ధం ఆడలేకపోయింది. "తెలీదు లల్లా. యిద్దర్‌కీ తెలీదు. నాకు భయంగా ఉంది, అంతే. భయంతో చచ్చిపోతున్నా. టాక్సీ ఎక్కి కూడా దిగొచ్చేశా."

"దిగొచ్చావా?"

"దిగొచ్చా."

లల్లా తూదా దువ్వెన పళ్లలోంచి వెంట్రుకలు తీసింది. "మా కాలంలో పెళ్లిళ్లు పైన కళ్లంలో చేసేవాళ్లం" అంది. "నా పెళ్లి అక్కడే. నా కూతుళ్ల పెళ్లిళ్లూ అక్కడే. ఇప్పుడీ హాజ్ మూహా, పెళ్లికొడుకు అయ్య, పట్నం నుంచి ఏనుగంత డేరా తెచ్చాడు. కళ్లంలో పట్టదంట. అందుకని నా మనవరాల్ని కుక్కలు తిరిగే వాగులో కూర్చోబెడతాడంట. నాకు మొదట్నుంచీ మండుతానే ఉంది."

ఈ తగవు సంగతి గిజ్లాన్‌కి తెలుసు. వారమంతా ఆడవాళ్ల నోట విన్నదే. లోపల్లోపల దాని మీదే ఆశ పెట్టుకుని వచ్చింది.

లల్లా తూదా ఎవరితోనూ వాదించలేదు. తివాచీ ఒకటి చంకన పెట్టుకుని ఊరి మీదున్న కళ్లంలోకి ఎక్కిపోయింది. తూర్పారబట్టే గాలి కోసం మిట్టన కట్టిన కళ్లం అది. మధ్యలో తివాచీ పరుచుకుని కూర్చుంది. కిందికి ఒక్క కబురు పంపింది: "పెళ్లికూతురి నాయనమ్మ ఇక్కడుంది. పెళ్లికూతురు వస్తే ఇక్కడికే వస్తుంది. లేకపోతే ఇంట్లోనే ఉంటుంది."

ఊళ్లో గగ్గోలు లేచింది. హాజ్ మూహా ఒగర్చుకుంటూ ఎక్కొచ్చి బతిమాలాడు, అరిచాడు, తన తలపాగా చూపించి ఈ తల దించమంటావా అన్నాడు. ఆవిడ కదల్లేదు. ఆవిడ కూర్చున్నాక ఊరి ఆడవాళ్లు వాగులో ఎలా ఉంటారు? ఒక్కొక్కరే పైకి రాసాగారు. పిల్లలు వచ్చారు. వంట కుండలూ ఎక్కాయి. పొద్దు వాలేసరికి ఆడవాళ్లంతా కళ్లంలో, మగాళ్లు ముప్పాతికమంది కళ్లం చుట్టూ గోడల మీద.

గిజ్లాన్ చెవులు మాత్రం కొండవైపే ఉన్నాయి. గాలి ఈలేస్తే లేచి నిలబడుతోంది. యిద్దర్ వెళ్లిన వైపు శిఖరాలు కనిపించడం మానేశాయి. అక్కడ ఆకాశం నల్లగా నేలకి ఆనుకుని ఉంది.

అప్పుడు ఊరి మీద నాలుగు చినుకులు పడ్డాయి.

ఎవరూ అనుకోనిది అప్పుడే జరిగింది. కళ్లానికి కప్పు లేదు. కింద వాగులో అంత పెద్ద డేరా ఖాళీగా ఉంది. "తడుస్తామేంట్రా, పదండి!" అంటూ హాజ్ మూహా మగాళ్లని తోలుకుని దిగిపోయాడు. ఆడవాళ్లు కొంగులు కప్పుకుని పెద్దావిడ చుట్టూ ఉండిపోయారు. ముసలీ ముతకా, పడుచువాళ్లు, పెళ్లికొడుకుతో సహా మగజనమంతా సరిగ్గా ఆ డేరా కిందికి చేరిపోయారు. నవ్వులు పైకి వినిపిస్తున్నాయి.

దూరంగా సన్నగా ఈల వినిపించింది. ఆగింది. మళ్లీ వినిపించింది. ఈసారి ఆగలేదు.

గిజ్లాన్ అరిచింది. గాలికి ఆమె అరుపు ఆమెకే వినపడలేదు. తర్వాత ఎవరడిగినా, ఆ క్షణంలో ఏమనుకున్నావంటే ఆమె చెప్పలేకపోయేది. ఏమీ అనుకోలేదు. కాళ్లు కిందికి పరిగెత్తాయి, అంతే. జారి పడింది, మోచెయ్యి చీరుకుపోయింది, లేచింది. వాగులోకి దిగి డేరాలోకి చొరబడి "లేవండి! కట్ట! కట్ట!" అంది. మగాళ్లు ఆమెకేసి చూశారు. ఎవరో నవ్వారు. "పట్నం పిల్లకి వానంటే భయం" అన్నారింకెవరో. హాజ్ మూహా మెత్తల మీద ఆనుకుని, "కూర్చోమ్మా, కూర్చో. లోపల తడవవులే" అన్నాడు దయగా.

ఆ దయ చూస్తే ఆమెకి ఏడుపొచ్చింది. చెప్పడానికి మాటల్లేవు, వాదించడానికి వ్యవధి లేదు. ఆమె వంగి, హాజ్ మూహా తలపాగా రెండు చేతులా ఊడబెరుక్కుని పరుగుతీసింది.

ఆ వెంటనే అగ్గి రాజుకున్నట్టు లేచారందరూ. కొడుకు పెళ్లిలో, పదూళ్ల చుట్టాల ముందు, హాజీ తలపాగా ఒక ఆడపిల్ల లాక్కుపోవడమా! "పట్టుకోండి దాన్ని!" మగజనమంతా చెప్పులు కూడా వేసుకోకుండా వెంటపడ్డారు. గిజ్లాన్ వెనక్కి చూడలేదు. తలపాగా విడిపోయి తెల్లగా వెనక ఎగురుతోంది. ఎవడి చెయ్యో దాని కొసని అందుకుంది. ఆమె మిగతాది వదల్లేదు. మిట్ట ఎక్కుతోంది, ఊపిరి అందడం లేదు. వెనక తిట్లు, అడుగుల చప్పుడు. ఇంకా రండి, ఇంకా తిట్టండి, ఇంకొంచెం పైకి రండి అని లోపల మొక్కుకుంటోంది.

ఉన్నట్టుండి వెనక తిట్లు ఆగిపోయాయి.

ముందు వాసన వచ్చింది, తడిసిన ఇనుము వాసన. తర్వాత చప్పుడు. లోయ మలుపులోంచి బూడిదరంగు గోడ ఒకటి వచ్చింది. నీళ్లలా దుమకలేదు. నిదానంగా, చిక్కగా, కొండరాళ్లని పిండిలో గింజల్లా దొర్లించుకుంటూ వచ్చింది. డేరా ఒక్కసారి పొంగి, మనిషి మోకాళ్ల మీద పడ్డట్టు పడి, కనిపించకుండా పోయింది. మెత్తలు, పీటలు, టీ పళ్లేలు అన్నీ పోయాయి. వాగు ఒడ్డు పొలాల మీదికి బూడిద పాకుతుంటే మిట్ట మీద మనుషులు కొయ్యబారి చూశారు.

హాజ్ మూహా బోడితలతో ఆమెకి రెండడుగుల దూరంలో ఉన్నాడు. ఆమె తలపాగా అందించబోయింది. అది జారి కింద పడిపోయింది. ఆయన తీసుకోవడానికి వంగబోయి, వంగలేక, అలాగే నేలమీద కూలబడి కొడుకు పేరు పెట్టి కేక వేశాడు. "ఇక్కడున్నా నాన్నా" అన్నాడు పెళ్లికొడుకు, ఆయన వెనకే నిలబడి.

ఒక్కడు పైకి రాలేదు. హాజ్ మూహాకి డేరా అద్దెకిచ్చి, దానితో పాటే వచ్చిన పట్నం మనిషి, అల్లాల్. తలపాగా తగవు తనది కాదనుకున్నాడు, డేరా తనది. గుంజలు చూసుకుంటూ ఉండిపోయాడు. అతను మర్నాడు వంతెన దిగువన దొరికాడు. ఆ డేరాలో అతను ఎక్కడ నిలబడ్డాడో గిజ్లాన్‌కి గుర్తే. తను అతని పక్కనుంచే పరిగెత్తింది. చేయి పట్టుకుని లాగి ఉంటే అన్న ఆలోచన ఆమెని ఇప్పటికీ వదల్లేదు.

పెళ్లి చెడగొట్టేవాళ్లని పట్టుకుపోవడానికి బయల్దేరిన జెండార్మ్‌ల జీపు ఆ వేళకి వంతెన దగ్గరుంది. నుఫీసా వాళ్ల బండికి అడ్డంగా నిలబడి వాదిస్తోంది. వాదన మధ్యలోనే వాగు రంగు మారడం చూసి వాళ్లే వంతెనకి అడ్డంగా జీపు పెట్టి, అవతల వస్తున్న చుట్టాల బండ్లని ఆపేశారు. చీకటి పడకముందే వాళ్లు కళ్లానికి ఎక్కొచ్చారు. వాళ్ల పెద్ద అడిగాడు: "ఈ సంగతి ముందు ఎవరికి తెలుసు?"

సీ బిహీ కొత్త జల్లాబా మోకాళ్ల దాకా బురద. "నాకు" అన్నాడు తలొంచుకుని. "పొద్దున్నే ఈ పిల్లలు నాకు చెప్పారు. నేనే వినలేదు."

యిద్దర్ కొండ చుట్టూ తిరిగి, అవతలివైపు నుంచి వచ్చాడు. నిలువెల్లా బూడిద. గిజ్లాన్ పరిగెత్తుకెళ్లి అతని చొక్కా పట్టుకుని, నోటికొచ్చినట్టు తిట్టింది. అతను పళ్లు టకటకలాడుతుంటే, "ఈల వినపడిందా?" అని మాత్రం అడిగాడు, అదే మాట మళ్లీ మళ్లీ.

ఆ చలికాలం యూనివర్సిటీలో ముగ్గురూ పెద్దల ముందు తమ పని వివరించారు. ఒక పరీక్షకుడు కళ్లజోడు తుడుచుకుంటూ, "నువ్వు పరిశీలించడానికి వెళ్లావా అమ్మాయ్, పెళ్లి నడపడానికి వెళ్లావా? ఇది ఏ శాస్త్రంలో ఉంది?" అన్నాడు. యిద్దర్ లేచాడు. "ఆ గడ్డి మాట ఆమెకి చెప్పారు, నాకు చెప్పలేదు. నేను ఆర్నెల్లు అక్కడే కూర్చున్నా నాకు చెప్పేవాళ్లు కారు. ఆమెకేమో దాని అర్థం తెలీదు" అన్నాడు. అతను అంత పొడుగ్గా మాట్లాడటం అంతకుముందు ఎవరూ వినలేదు. ఉస్తాదా బహీజా తల వంచుకుని ఉంది. "నోరు విప్పొద్దని వాళ్లకి చెప్పింది నేను" అంది. "అది కూడా రాయండి."

అంతటితో అయిపోతే బాగుండేది. వాగు ఒక్క పూటలో వచ్చి పోయింది గానీ, బూడిద పొలాల్లోనే ఉంది, బావిలోనూ ఉంది. మంచు కరిగాక గిజ్లాన్ మళ్లీ ఐత్ ఉజ్రూ ఎక్కింది. ఈసారి జట్టులో వైద్యం చదివే అమ్మాయి ఒకతె, పేరు షామా. పిల్లల రక్తం, తల్లుల రక్తం తీసి పరీక్షకి పంపారు. నీళ్ల ట్యాంకరు ఖర్చు ఎవరిదో తేల్చమని నుఫీసా కింద కోర్టులో దావా వేసి తిరుగుతోంది.

ఫలితాలు వచ్చాక వాటిని ఇంటింటికీ వెళ్లి చెప్పాల్సింది గిజ్లాన్. వచ్చిన ఆడపిల్లల్లో ఆ భాష వచ్చింది ఆమెకే. మొదట ఇజ్జా ఇల్లు. ఆ గొడవ సద్దుమణిగాక పెళ్లి జరిగింది, ఇజ్జాకి ఇప్పుడు నాలుగో నెల.

గిజ్లాన్ ఆ గడప దగ్గర ఎంతసేపు నిలబడిందో. వాగులోకి దిగినప్పుడు కాళ్లు వాటంతటవే పరిగెత్తాయి. ఇక్కడ అవి కదలడం లేదు. మనవరాలి దగ్గరికొచ్చి ఉన్న లల్లా తూదా లోపల్నుంచి, "ఎవరది? లోపలికి రాకుండా గుమ్మంలో ఏం జపం?" అంది.

గిజ్లాన్ షామాతో పాటు లోపలికెళ్లి కూర్చుని చెప్పింది. మెత్తగా చుట్టి చెప్పలేదు, దాచలేదు. రక్తంలో సీసం ఉందంది. ఎంత ఉందో, దానివల్ల కడుపులో బిడ్డకి ఏం జరగొచ్చో, ఏం జరక్కపోవచ్చో షామా చెప్తుంటే ఒక్కో మాటా ఇజ్జా భాషలోకి మార్చింది. ఇజ్జా పొట్టమీద చేతులు రెండూ పెట్టుకుంది.

"పుట్టేది బాగుంటుందా?"

"తెలీదు ఇజ్జా."

"మీకెప్పుడూ ఏదీ తెలీదు" అంది ఇజ్జా, కోపంగా. కాసేపటికి గొంతు తగ్గించి, "పుట్టేనాటికి నువ్వుంటావా?" అంది.

"ఉంటా."

ఉంది. నెలనెలా బస్సెక్కి, టాక్సీ ఎక్కి వచ్చింది. ట్యాంకరు రాని రోజున రోడ్డు మీద నిలబడి ఫోన్లు చేసింది. వేసవి చివర్లో ఇజ్జాకి ఆడపిల్ల పుట్టింది. షామా ఆ పసికందు మడమలోంచి చుక్క రక్తం తీసింది. ఫలితం రావాలంటే ఆగాలి. ఆ ఆగిన రోజుల్లో గిజ్లాన్ పడ్డ భయం ముందు ఆ కట్టా, ఆ ఈలా, వెంటపడ్డ మగజనం ఏమాత్రం కాదు. తిండి సయించలేదు. ఫోను మోగితే ఉలిక్కిపడేది, మోగకపోయినా ఉలిక్కిపడేది.

చివరికి షామా ఫోన్ చేసింది. పిల్ల రక్తంలో సీసం తల్లికున్నంత లేదు, కానీ ఉంది. పిల్లని ఏడాదికోసారి చూపిస్తూ ఉండాలి, చాలా ఏళ్లు.

గిజ్లాన్ ఆ మాట చెప్పడానికి వెళ్లేసరికి ఇజ్జా పిల్లకి నీళ్లు పోస్తోంది, ట్యాంకరు నీళ్లు, చెంబుతో కొలిచి కొలిచి. తల తిప్పకుండానే, "మొహం చూస్తేనే తెలుస్తోందిలే. ముందు ఆ తుండుగుడ్డ అందుకో, పిల్ల వణుకుతోంది" అంది. గిజ్లాన్ తుండుగుడ్డ పరిచి చేతులు చాచింది.